అక్క నెత్తిన అక్క

మన్ను తిని, తినలేదని బొంకి, అమ్మ గద్దిస్తే నోరు తెరిచి అందులో లోకాలన్నీ చూపించిన ఆ అల్లరి స్వామికి ముందుగా నా దండం. మా బస్తీ మూలన చిన్న గుడిలో కూర్చుని మా గేదెలనూ మా పిల్లలనూ కాస్తున్న తల్లికి రెండో దండం. మట్టి ఆమెది. మట్టిని పిసికే చేతులకు బలం ఇచ్చిందీ ఆమే. ఆ చేతులతో చేసిన తుంటరి పని ఒక్కటే నాది. దాని గురించే ఈ నాలుగు మాటలు. చదివి ఎవరైనా నవ్వితే ఆ పుణ్యం తల్లికి పోవాలి, తిడితే ఆ తిట్లు నాకు తగలాలి.

మాది ఫలక్‌నుమాలో మూడు తరాల పాల వ్యాపారం. తాత కాలంలో ఇంటి వెనకే గేదెల కొట్టం ఉండేదట. ఇప్పుడు ఇంటి వెనక వేరొకరి ఇల్లు ఉంది. గేదెలు జల్‌పల్లి అవతల షెడ్డులో ఉన్నాయి, పాల సెంటరు తమ్ముడి చేతిలో ఉంది. నేను పొద్దున్నే స్కూటరు మీద కాలనీలకు పాలు వేసి వస్తాను. మిగిలిన నా సమయమంతా భజన మండలిది. మా నాన్న అక్కడ హార్మోనియం వాయించేవాడు. పద్యం తప్పు చదివితే తొడ మీద గిల్లి నాకు నేర్పాడు. ఏకాదశికి పారాయణం చేయడం, శుక్రవారం అమ్మవారి పాటలు పాడి వాటి అర్థం చెప్పడం ఇప్పుడు నా వంతు. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పిన అర్థం ప్రకారం ఒక్క గంట నడవడం ఎంత కష్టమో మాత్రం ఈ ఆషాఢంలోనే తెలిసింది.

మట్టి పని నాకు పాల వల్ల అంటుకుంది. జల్‌పల్లి పక్క కొత్త కాలనీలో ఒక టీచరమ్మకు రోజూ లీటరు పాలు వేస్తాను. ఆమె ఇంటి ముందు రేకుల షెడ్డులో కరెంటు బట్టీ పెట్టుకుని, ఆదివారాలు పదిమందికి పింగాణీ వస్తువులు చేయడం నేర్పుతుంది. ఒకరోజు పాలు పోస్తూ, అక్కడ ఆరబెట్టిన కప్పును చూసి, "ఇది వంకరగున్నది మేడమ్" అన్నాను.

"వంకర లేనిది మీరొకటి చేసి చూపించండి" అంది ఆమె.

అలా యాభై ఎనిమిదేళ్ళ వయసులో, కాలేజీ ఆడపిల్లల మధ్య ఒక పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి నెల నేను చేసినవన్నీ వంకరే.

టీచరమ్మకు ఒక పద్ధతి ఉంది. ఊరికే కప్పు చేస్తాను, గిన్నె చేస్తాను అంటే ఒప్పుకోదు. "మీ ఇంట్లో ఒక మనిషిని తలుచుకోండి. వాళ్ళ ముఖం చెక్కమని కాదు. వాళ్ళు ఎలా ఉంటారో, ఏం చేస్తారో అది వస్తువులోకి రావాలి. ఇది ఫలానా వాళ్ళదే అని చూడగానే తెలియాలి" అంటుంది. పక్క పీటల మీద పిల్లలు అమ్మకు పూల కప్పు, చెల్లెలికి కుందేలు ప్లేటు చేసుకున్నారు. నేను మాత్రం ఇంట్లో నా పాత కక్షలన్నీ ఒక్కొక్కటిగా తీర్చుకోవడం మొదలుపెట్టాను.

ముందు తమ్ముడు. వాడి పాల సెంటరులో కొలత గురించి నేనిక్కడ ఏమీ అనను, ఒక తల్లి బిడ్డలం. వాడికి చాయ్ గ్లాసు చేశాను. పైనుంచి చూస్తే నిండు గ్లాసు. లోపల అడుగు మాత్రం రెండు వేళ్ళ మందం. ఎంత పోసినా సగం చాయే పడుతుంది. వాడు దాన్ని చేతిలో పట్టుకుని మురిసిపోయి, "అన్నా, మస్తు బరువున్నదే. గిది అసలు సరుకు" అన్నాడు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం దాంట్లోనే తాగుతున్నాడు. తాగి, "ఏందో వదినె, చాయ్ సరిపోతలేదు" అని రెండోసారి పోయించుకుంటున్నాడు.

తర్వాత నా భార్య. ఆమెకు ఉప్పు జాడీ. దాని మూత ఒక చోట పట్టి ఒక వైపు తిప్పితేనే వస్తుంది. ఆ చోటు ఏదో ముందుగా తెలియదు. బలవంతం చేస్తే అసలే రాదు. కాసేపు వదిలేసి వేరే పని చూసుకుంటే దానంతట అదే వదులవుతుంది. ఆమె కోపం సంగతి తెలిసినవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

"జాడీ మంచిగనే ఉన్నది గని, మూత సతాయిస్తున్నది" అంది.

"అలవాటైతది" అన్నాను. నాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా ఇంకా అలవాటు కాలేదన్న మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను.

ఇక మిగిలింది అక్క.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, తమ్ముడు చంటివాడు. మా ఇద్దరినీ పెంచింది అక్కే. మమ్మల్ని పెంచుతూ పెంచుతూ తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. చదువు రాదు. కానీ నాన్న పాడిన ప్రతి పాటా, చదివిన ప్రతి పద్యమూ చెవులతో పట్టి కడుపులో దాచుకుంది. భజనలో ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంటుంది. నేను ఒక్క మాట అటూ ఇటూ చేస్తే చాలు, సోడాబుడ్డి అద్దాల వెనక కళ్ళు ఇంతింత చేసుకుని, తాంబూలంతో ఎర్రబడిన నోరు బార్లా తెరిచి, "తప్పింది" అంటుంది. హార్మోనియం ఆగాలి. మళ్ళీ మొదటి నుంచి అందుకోవాలి. ఒక ఏకాదశినాడు నాలుగుసార్లు అంది. మండలి వాళ్ళంతా తలలు వంచుకుని నవ్వారు.

ఇంటికి వచ్చాక, "నీ మంచికే చెప్పిన తమ్మీ. దేవుడు వింటుండు" అంది.

"దేవుడే ఊకున్నడు గదక్కా."

"ఆయనకు ఓపికున్నది. నాకు లేదు."

ఆ తర్వాతి ఆదివారమే షెడ్డులో కూర్చుని అక్కను చేశాను. ముఖం చెక్కవద్దన్న టీచరమ్మ మాట పక్కన పెట్టేశాను. పెద్ద పొట్ట ఉన్న కుండ. ఆ పొట్ట మీద అద్దాల వెనక ఎంత పెద్దవిగా కనిపిస్తాయో అంత పెద్ద కళ్ళు. రూపాయి బిళ్ళంత బొట్టు. ముక్కుపుడక. బార్లా తెరిచిన నోరు, అందులో ఎర్రటి నాలుక, ముందు రెండు పళ్ళు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ కూడా మరచిపోలేదు. పైన సన్నటి మట్టి తీగతో కళ్ళద్దాలు చేసి అంటించాను. టీచరమ్మ వచ్చి చూసి, "ఈమెను నేను చూడలేదు గానీ, నాకు ఇప్పుడే భయమేస్తోంది" అంది.

మొదటిసారి కాల్చినప్పుడు కళ్ళద్దాలు ఊడి బట్టీలోనే ముక్కలయ్యాయి. "ఆరిన మట్టికి తడి మట్టి అంటించారు, నిలవదు" అంది ఆమె. పోతే పోయాయి, మనిషి మాత్రం దిగిందనుకున్నాను. పూత వేసి రెండోసారి కాల్చి, పాత పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చాను. పూజ గూట్లో హార్మోనియం వెనక దాచాను. ఆ చోటు నేను తప్ప ఎవరూ ముట్టరు.

దాచడానికి కారణం ఉంది. అక్క రెండు కళ్ళలోనూ పొర పెరిగింది. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. గొంతును బట్టి, నడకను బట్టి మమ్మల్ని గుర్తుపడుతోంది. ఇంకా ఆలస్యం చేస్తే కుడికన్ను చెయ్యి దాటిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆషాఢం వెళ్ళగానే ఆపరేషన్‌కు రోజు ఇచ్చాడు. కట్టు విప్పగానే అక్క మొదట చూసేది ఆ కుండలో తన ముఖమే కావాలని, అప్పుడు తన నోటి నుంచి ఏం వస్తుందో వినాలని నా ఆశ.

అయితే ఆపరేషన్‌కు అక్క ఒక షరతు పెట్టింది. "ముందుగాల బోనం. తల్లిని అడిగినంకనే కత్తి." అమ్మ పోయిన ఏటి నుంచి మా ఇంటి బోనం అక్క నెత్తి మీదే. ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి బోనం తప్పితే తల్లి వద్దన్నట్టే, కన్ను ముట్టనివ్వనని తేల్చి చెప్పేసింది. డాక్టరుకు ఈ సంగతి చెబితే ఆయన తల పట్టుకుని, "మీ బోనం ఎప్పుడో కాస్త తొందరగా కానివ్వండి" అన్నాడు.

బోనాల ఆదివారం వచ్చింది. కుమ్మరి దగ్గర కొత్త కుండ రెండు రోజుల ముందే తెచ్చి పెట్టాం. పొద్దున్నే అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలి కణుపుతో తట్టింది. మంచి కుండ అయితే మోగుతుంది. ఇది బొక్కుమంది. అక్క వేళ్ళతో తడిమింది. మూతి నుంచి కిందికి సన్నని బీట దొరికింది.

"ఎవలు తగిలిచ్చిన్రు?" అంది.

బీట వారిన కుండలో బోనం పెట్టరు. తమ్ముడు బండి తీసుకుని కుమ్మరి దుకాణాలన్నీ తిరిగి గంటకు వచ్చాడు. "ఒక్కటి లేదక్కా. బస్తీ బస్తీకి బోనాలాయె. చిన్న చిన్న గురుగులు తప్ప ఏం మిగల్లే. ఇత్తడి బిందెల పెడ్దాం, మస్తుమంది పెడుతున్రు."

"మన ఇంటికి మట్టి బోనమే" అంది అక్క. బీట వారిన కుండను పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "తల్లి వద్దన్నది. కన్ను గూడ వద్దు తియ్యి. డాక్టరుకు ఫోన్ చెయ్యి తమ్మీ" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలేవాళ్ళం. అది లేకపోయేసరికి బతిమాలే దారి కూడా లేకపోయింది.

అప్పుడు, దీపం కుందె కోసం హార్మోనియం జరిపిన నా భార్య పూజ గూటి వైపు నుంచి వచ్చింది. చేతుల్లో పేపరు విప్పిన కుండ ఉంది.

"ఇగో చూడు వదినె. గింత మంచిగ అమ్మవారిని చేసి, హార్మోనియం ఎనుక దాచిపెడ్తరా ఎవలన్న?"

నేను కుండ వైపు చూశాను. కళ్ళద్దాలు లేని ఆ ముఖాన్ని నేను అంతవరకు అక్క ముఖంగానే చూశాను. ఇప్పుడు భార్య చెప్పాక చూస్తే, పెద్ద కళ్ళు, పెద్ద బొట్టు, ముక్కుపుడక, తెరిచిన నోట్లో ఎర్ర నాలుక. అచ్చం గుళ్ళో తల్లే. పైగా దొరికింది పూజ గూట్లో. తమ్ముడు చెప్పులు అటు విసిరేసి చేతులు జోడించాడు. "అన్నా, ఏం కళ ఉన్నదన్నా. నేను గ్లాసులే చేస్తున్నవనుకున్న" అన్నాడు.

"ఏదీ, ఇటియ్యి" అని అక్క కుండను ఒళ్ళోకి తీసుకుంది. ముందు తట్టింది. ఖంగుమంది. "బీట లేదు" అంది. తర్వాత వేళ్ళతో ఆ ముఖాన్ని తడమసాగింది. తన బొట్టును, తన ముక్కును, తన ముక్కుపుడకను తడిమింది. నాలుక దగ్గర వేళ్ళు ఆగాయి. "తల్లీ" అని కుండను కళ్ళకద్దుకుంది. నేను గోడ వైపు తిరిగాను. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో నాకే తెలియలేదు.

"ఎవలకని చేసినవు తమ్మీ?" అంది.

"నీకే అక్కా."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"చూసిన్రా" అంది అక్క వాళ్ళతో. "కుండ పగుల్తదని తల్లికి ముందే ఎరుక. వీని చేతుల పెట్టింది."

ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కుండకు పసుపు పూశారు, ముఖం మీద మాత్రం పూయకుండా వదిలారు. చెంప మీది పుట్టుమచ్చను చూసి నా భార్య, "దిష్టిచుక్క గూడ పెట్టిండు" అని మెచ్చుకుంది. వేరే గిన్నెలో వండిన బెల్లం పరమాన్నం అందులో పోశారు. మెడ చుట్టూ వేపరెమ్మలు, పైన మూత, మూత మీద దీపం. ముఖం ముందుకు ఉండేలా అక్క నెత్తి మీద పెట్టారు. పక్కన నడుస్తూ దారి చెప్పడానికి నా భార్య ఆమె మోచెయ్యి పట్టుకుంది. డప్పులతో బయలుదేరాం. నేనూ తమ్ముడూ వెనక.

సందు మలుపులో వెల్డింగ్ దుకాణం భాయ్ ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ మా ఇంటి చాయ్ తాగినవాడు. అక్క చేత మాతోపాటు తిట్లూ తిన్నాడు. బోనానికి దారి ఇచ్చి పక్కకు జరిగి, నెత్తి మీది ముఖాన్ని చూశాడు. కింద ఉన్న ముఖాన్ని చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. నేను దగ్గరికి రాగానే భుజం పట్టుకున్నాడు.

"క్యా భాయ్, ఆపా ఆపా కుఇచ్ సర్ పో ఉఠాకో జారైఁ?"

అక్క అక్కనే నెత్తిన పెట్టుకుని పోతోందేమిటని వాడి ప్రశ్న. నేను "చుప్" అన్నాను.

"చష్మా కిధర్ గయా?" అన్నాడు వదలకుండా. కళ్ళద్దాలు ఏమయ్యాయని.

డప్పుల మోతలో ముందున్న వాళ్ళకు వినపడలేదు. పక్కనున్న తమ్ముడికి వినపడింది. వాడు నాలుగు అంగల్లో ముందుకెళ్ళి, కుండనూ అక్కనూ పక్కపక్కన చూసి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చాడు. భుజాలు కదిలిపోతున్నాయి. కాసేపు నడిచాక నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అన్నా."

"ఏందిరా."

"మరి నా గ్లాసుల ఏమున్నది?"

"చాయ్."

వాడు ఇంకో పది అడుగులు ఆలోచిస్తూ నడిచాడు. "అడుగు" అన్నాడు.

"ఏం అడగాలె?"

"అడగనీకి గాదు. గ్లాసు అడుగు. మందమున్నది. అందుకే సరిపోతలేదు."

"ఇప్పుడు తెల్సిందా" అన్నాను.

వాడు నా మీదికి రావలసింది, కానీ బోనం వెనక నడుస్తున్నాం కాబట్టి ఆగాడు. "నా సంగతి ఇంటికి పోయినంక. ముందుగాల అక్క సంగతి జెప్పు. చెప్తవా, చెప్పవా?"

"చెప్తే అపచారమయిందని బోనం దించుతది. దించితే కన్ను పాయె."

"చెప్పకుంటే?"

"తల్లికి ఎక్కిరింపు నైవేద్యం పెట్టినట్టయితది. అక్కను మోసం చేసినట్టయితది."

"శుక్రారం శుక్రారం అర్థాలు చెప్పెటోనివి గద. చెప్పు మరి అర్థం."

చెప్పాను. అన్ని ప్రాణుల్లోనూ తల్లే ఉన్నప్పుడు అక్క ముఖం తల్లి ముఖం కాకుండా ఎలా పోతుంది అన్నాను. కిందటి శుక్రవారమే మండలిలో ఇదే చెబితే ఆడవాళ్ళంతా తలలూపారు.

"మరి చేసేటప్పుడు తల్లి అనుకోనే చేసినవా?" అన్నాడు తమ్ముడు.

"లేదు."

"మరింకేంది."

ముప్పై ఏళ్ళలో వాడు నా ప్రవచనం మీద అడిగిన మొదటి ప్రశ్న అది.

గుడి ముందు బారు కట్టాం. మా ముందు పదిమంది ఉన్నారు. అక్క రెండు చేతులతో కుండ పట్టుకుని కదలకుండా నిలబడింది. ఎండకు చెంపల మీద చెమట కారుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏమడుగుతోందో నాకు తెలుసు. ఆ తల్లి ముందు అంత నిజంగా నిలబడిన మనిషి నెత్తి మీద నా అబద్ధం ఉంది. పదిమంది ఆరుగురయ్యారు, నలుగురయ్యారు. ఇంకా ఆగితే చెప్పడానికి సమయం ఉండదు. ఇంకొక మాట కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నెత్తిన బోనం ఉన్న మనిషి తల తిప్పదు, చెయ్యి ఎత్తదు. అక్కకు నిజం చెప్పడానికి ఇంతకంటే క్షేమమైన చోటు ఈ భూమి మీద లేదని కూడా అనిపించింది.

పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "అక్కా, ఒక మాట."

"బోనం మీదున్న. ఏంది?"

"ఆ కుండ మీద ఉన్నది తల్లి గాదు. నువ్వు."

నా భార్య ఆమె మోచెయ్యి వదిలేసింది. అక్క మాత్రం కదల్లేదు.

"నేనా?"

"నిన్ను చూసే చేసిన. బోనానికని చెయ్యలే. మొన్న ఏకాదశికి నాలుగుసార్లు తప్పింది అన్నవు గద, ఆ కోపానికి."

ముందున్న వాళ్ళలో ఒకరు లోపలికి పోయారు. అక్క ఒక అడుగు ముందుకు వేసింది. నేనూ వేశాను.

"నోరు తెరిచున్నదా, మూసున్నదా?" అంది.

"తెరిచే ఉన్నది."

"ఎంత?"

"మస్తు."

"గుడ్లు?"

"పెద్దగనే ఉన్నయి అక్కా."

తమ్ముడు వెనకనుంచి దగ్గాడు. అక్క నెత్తి మీది కుండను సర్దుకుంది. "ఎక్కిరియ్యనీకి చేసినవా, నవ్వనీకి చేసినవా?" అంది. ఆ ప్రశ్న ఆమె నెమ్మదిగా, జవాబు కావాలన్నట్టు అడిగింది. మండలిలో పెద్దలు ధర్మసందేహం అడిగినట్టు అడిగింది.

"ఎక్కిరియ్యనీకే మొదలువెట్టిన" అన్నాను. "నోరు చేసేటప్పుడు మాత్రం యాదికొచ్చింది. చిన్నప్పుడు తమ్మునికి బువ్వ పెట్టుకుంట, వాడు తెరవాలెనని ముందు నువ్వు తెరిచెటిదానివి గద నోరు. గట్లనే వచ్చింది. మార్చబుద్ధి గాలే."

"బువ్వ పెట్టిన నోటికి ఇదా నువ్వు చేసింది" అంది. కానీ గొంతు మెత్తబడింది. తర్వాత, "ముఖం ఎటు దిక్కున్నది?" అంది.

"ముందుకే ఉన్నది. తల్లి దిక్కు. తిప్పమంటవా?"

"వద్దు. అట్లనే ఉండని. కన్ను అడగనీకి వచ్చింది ఎవలో తల్లికి తెల్వాలె గద. నా ముఖం నాకు కనవడ్తలేదు. ఆమెకన్న కనవడని." తర్వాత, "ఎక్కిరింపు సగమే గావట్టి, తప్పు గూడ సగమే నీది. పదకొండు గుంజీలు దియ్యి. తీసి, బాపు కట్టిన పాట పాడు. పాడినంకనే బోనం దించుత" అంది.

గడప ముందు, అంతమంది మధ్య, చెవులు పట్టుకుని గుంజీలు తీశాను. ఏడోదానికి మోకాళ్ళు పట్టేశాయి. "ఇంకా నాలుగు" అని తమ్ముడు పెద్దగా లెక్క చెప్పాడు, గ్లాసు కోపం తీరేలా. తర్వాత నాన్న కట్టిన పాట అందుకున్నాను. ఆయాసంతో రెండో చరణంలో ఒక మాట ముందుకు, ఒక మాట వెనక్కి పడింది.

అక్క నోరు తెరిచింది. "తప్పింది."

పైన ఒక నోరు, కింద ఒక నోరు, రెండూ ఒకే తీరుగా తెరిచి ఉన్నాయి. పైన రెండు పళ్ళు, కింద రెండు పళ్ళు. ఎడమ చెంప మీద మచ్చ, పైనా కిందా. నా భార్య పైకి చూసింది, కిందికి చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని గుడి గోడకు ఆనుకుంది. బారులో ఎవరో పక్కుమన్నారు. తర్వాత డప్పుల వాళ్ళు కూడా ఆపేసి నవ్వారు. నేను పాట మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. ఈసారి తప్పలేదు. అక్క తల వంచి గడప దాటింది.

లోపల పూజారమ్మ బోనం దించి, మూత తీసి, పరమాన్నం గరిటెతో తీసి తల్లి ముందు పెట్టింది. కుంకుమ తీసుకుని తల్లికి పెట్టి, కుండ మీది ముఖానికి పెట్టి, ఆ వేలితోనే అక్క నుదుటికీ పెట్టింది. ఆమెకు మా గొడవ ఏమీ తెలియదు. అక్క రెండు కళ్ళూ మూసుకుని చాలాసేపు చేతులు జోడించి నిలబడింది. నేను ఏమీ అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు, అక్క అడుగుతోంది చాలనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచింది. సందు మలుపు దాటాం. తర్వాత, "డాక్టరు ఏ రోజన్నడు?" అంది.

చెప్పాను.

"పోదాం" అంది. మరో నాలుగు అడుగులు వేసి నా చెయ్యి గట్టిగా నొక్కింది. "కట్టు ఇప్పినంక ఆ కుండ నా ముంగట పెట్టు. నేను గట్లున్ననో లేదో నేనే చూస్త. చూసినంక మాట్లాడ్త నీతోని."

ఇది రాస్తున్న ఈ పొద్దుకు ఆపరేషన్ ఇంకా నాలుగు రోజులు ఉంది. ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమది. కుండ కడిగి గూట్లో పెట్టాం. డెబ్బై ఏళ్ళ కన్ను, చాలా ముదిరిన పొర. డాక్టరు ఏ మాటా గట్టిగా ఇవ్వలేదు. అక్కకు చూపు వస్తే నాకు ఏం మూడుతుందో నాకు బాగా తెలుసు. అయినా నేను పొద్దునా సాయంత్రం ఆ చూపు కోసమే దండం పెడుతున్నాను. ఇంత దూరం చదివారు కాబట్టి మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, నాతోపాటు చేతులు జోడించండి. మీరు కొలిచే దేవుడు ఎవరైనా ఫర్వాలేదు, ఆ పేరుతోనే పిలవండి. తల్లీ, మా అక్క కళ్ళలో పొర తీసెయ్యి. మా ముఖాలు మళ్ళీ ఆమెకు కనిపించనీ. ఆమె ఆ కుండను చూసి నోరు తెరవనీ, తెరిచి నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టనీ. ఆ తిట్లన్నీ కళ్ళతో చూస్తూ తిట్టనీ అని నాతోపాటు అడగండి.